వెళ్లిపోయే తల్లి

ప్రకృతి నుంచి స్ఫూర్తి పొందాలని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. ఆ స్ఫూర్తి ఎవరికి అనుకూలంగా ఉంటోందో మాత్రం అడగం. ఆడజంతువు కనబడితే చాలు, అందులో మాతృత్వాన్ని వెతుకుతాం. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పి కాపాడుకుంటుంది, నీకేమయిందని కూతురికి బుద్ధి చెబుతాం.

ఆధ్యాత్మిక సంప్రదాయంలోనూ ఇంతే. గురువు ఇచ్చే దీక్షలు మూడు రకాలంటారు. పక్షి గుడ్లను పొదిగినట్టు తాకి ఇచ్చేది స్పర్శ దీక్ష. చేప చూపుతోనే పిల్లల్ని పెంచినట్టు చూసి ఇచ్చేది నయన దీక్ష. తాబేలు ఎక్కడో ఉండి తలపుతోనే గుడ్లను పొదిగినట్టు మనసుతో ఇచ్చేది స్మరణ దీక్ష. పోలికలన్నీ తల్లులవి. గొప్పదనం మాత్రం గురువుది.

ఆ మూడో తల్లిని నేను విశాఖ, భీమిలి మధ్య తీరంలో ఒక ఫిబ్రవరి రాత్రి చూశాను. ఆలివ్ రిడ్లే తాబేలు. నా చేతిలో టార్చి చూసి అక్కడున్న మత్స్యకార స్త్రీ, "లైటు ఆర్పీయమ్మా, ఎలుగు పడితే ఎనక్కెళ్లిపోద్ది" అంది. చీకట్లో కూర్చున్నాం. వెనక కాళ్లతో గుంట తవ్వింది, గుడ్లు పెట్టింది. ఒక్కసారికి వంద దాకా పెడుతుందట. కళ్ల నుంచి నీరు కారుతోంది. "పాపం, పురిటి నొప్పులకి ఏడుస్తోంది" అంది నాతో వచ్చిన స్నేహితురాలు. నిజానికి అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథులు బయటికి పంపే తీరు. ఇసుక కప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపి గట్టిగా అదిమి, సముద్రంలోకి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు. దాదాపు 45 నుంచి 60 రోజుల్లో పొదిగేది ఇసుక వేడే. ఆడపిల్లలో మగపిల్లలో తేల్చేదీ ఆ వేడే. తల్లి తలపు కాదు.

రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఎవరినో వదిలేసి వచ్చినట్టుండేది నాకు. పొయ్యి మీద పాలు, పిల్లవాడి జ్వరం, అత్తగారి మందులు. రాసిన కథ అచ్చయ్యాక కూడా దాని వెంటే తిరిగేదాన్ని, ఎవరేమంటారోనని. ఆ రాత్రి తర్వాత, చాలాకాలంగా ఆగిపోయిన కథను నాలుగు రోజుల్లో ముగించాను. ఒళ్లంతా పెట్టి పని చేసి, ఇక అది దాని దారిన బతుకుతుందని లేచి వెళ్లవచ్చని ఆ తాబేలు దగ్గర చూశాను.

అయితే, మాతృత్వం బదులు స్వేచ్ఛను దాని వీపున మోపితే గురువుల పోలికకూ నా పోలికకూ తేడా ఏమిటి? నా కొడుకు తాబేలు పిల్ల కాదు. వాడికి నేను కావాలి, వాళ్ల నాన్నా కావాలి. తాబేలు నాకు అనుమతి పత్రమేమీ ఇవ్వలేదు. కానీ పిల్లీ తల్లే, తాబేలూ తల్లే అయినప్పుడు, ఆడదాని ప్రకృతి ఇదీ అని ఏ ఒక్కదాన్ని చూపి ఎవరు ఆజ్ఞాపించగలరు? నాకు దొరికిన ఊరట అది. ఇంకోటి కూడా దొరికింది. నా కోసం కాకుండా, నాకే అర్థమూ బాకీ పడకుండా బతుకుతున్న ఒక ప్రాణి ముందు తల వంచడం. నాకు తెలిసిన భక్తి అదే.

బాకీ మనవైపే ఉంది. తాబేలు నీళ్లలో ఉన్నా ఊపిరికి పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే మునిగి చస్తుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఇవి గుడ్లకు ఒడ్డెక్కేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. తాబేలు తప్పించుకుపోయే దారి ఉన్న వలలున్నాయి. వాటిని ట్రాలర్లకు తప్పనిసరిగా బిగించాలి. ఆ ఖర్చు మత్స్యకారుల నెత్తిన మాత్రమే పడకూడదు. పిల్లలు వెలుగును బట్టి సముద్రం వైపు నడుస్తాయి గనక, తీరం వెంబడి దీపాలు వాటిని రోడ్డు మీదికి లాగుతాయి.

తాబేలు మీద కవిత రాయడం తేలిక. ఆ నెలల్లో రిసార్టు దీపాలు ఆర్పమని అడగడం కష్టం. స్ఫూర్తి పుచ్చుకున్నవాళ్లం ఆ రెండోది కూడా చెయ్యాలి.