సబ్బు మీద బొమ్మ

మా అక్క కూతురు మారేడ్‌పల్లిలో సొంతంగా సబ్బులు చేసి అమ్ముతోంది. మొదలుపెట్టి రెండేళ్లయింది. కొబ్బరినూనె, ఆముదం, కాస్టిక్ సోడా, వాటితోపాటు కాస్త షియా బటర్. అచ్చుల్లో పోసి, ముక్కలు కోసి, నెలరోజులు ఆరబెడుతుంది. మొన్న సంక్రాంతికి ఒకటి నా చేతిలో పెట్టింది. మంచి సబ్బే, కాళ్ల పగుళ్లకి హాయిగా ఉంది. పెట్టె మీద తలకి రంగుల గుడ్డ చుట్టుకుని నవ్వుతున్న ఒక ఆఫ్రికా స్త్రీ బొమ్మ, కింద "మీరు కొనే ప్రతి సబ్బూ ఒక ఆఫ్రికా తల్లికి అండ" అనే మాట. వెల 350 రూపాయలు.

"ఏ ఊరి తల్లి?" అన్నాను.

"ఘనా, మామయ్యా."

"ఘనాలో ఎక్కడ?"

"అది ముంబయి సప్లయర్‌కి తెలుస్తుంది."

పిల్ల మోసం చేస్తోందని నేననను. సప్లయర్ చెప్పింది నమ్మింది, నమ్మిందే అచ్చు వేయించింది. కానీ నాకు ముల్లులా గుచ్చుకున్న ప్రశ్న వేరు. సాయాన్ని సరుకులో కలిపి అమ్మవచ్చా? అమ్మితే ఆ సాయం ఎవరిది: చేసినవాళ్లదా, కొన్నవాళ్లదా, బొమ్మలో ఉన్న ఆవిడదా?

షియా పశ్చిమ ఆఫ్రికా గడ్డిమైదానాల చెట్టు. కాపుకి రావడానికే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. రాలిన కాయలు ఏరడం ఆడవాళ్ల పని. ఉడకబెట్టి, ఎండబెట్టి, పెంకు కొట్టి, పప్పు వేయించి, నూరి, ఆ ముద్దలో నీళ్లు పోసి చేతులతో చిలుకుతారు. మన కవ్వం పనే అనుకోండి, కాకపోతే భుజాలు పడిపోయేంత పని. తెల్లటి కొవ్వు పైకి తేలుతుంది. ప్రపంచానికి చేరే షియాలో ఎక్కువ భాగం ఒంటికి రాసుకోవడానికి కూడా పోదు, చాక్లెట్లలోకి పోతుంది. చాక్లెట్ రేపర్ మీద ఆ తల్లి బొమ్మ ఎవరూ వేయరు. నోటికి అక్కర్లేని జాలి చర్మానికి ఎందుకు కావలసి వచ్చిందో!

ఈ దారి వేసినవాళ్లలో ముఖ్యురాలు అనితా రాడిక్. 1976లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో బాడీ షాప్ తెరిచింది. ఉత్తర ఘనాలో తమాలే దగ్గరి మహిళాసంఘం నుంచి 1990ల నడుమ నుంచీ ఆ సంస్థ నేరుగా షియా కొంటూ వచ్చింది. ఊరి పేరు తెలుసు, సంఘం పేరు తెలుసు. నిజాయితీగా జరిగిన పనే. అయినా 2006లో కంపెనీ లోరియాల్ చేతికి పోయింది, 2017లో బ్రెజిల్ వాళ్ల చేతికి, ఆ తర్వాత ఇంకొకరి చేతికి. 2024 ఫిబ్రవరిలో దాని బ్రిటన్ శాఖ దివాలా వ్యవహారంలో పడింది. తమాలేలో కాయ కొట్టే మనిషికి ఈ అమ్మకాల్లో ఏ ఒక్కదానిమీదా మాట లేదు. అండ అనేది తీగకి పందిరి లాంటిదే. పందిరి ఎప్పుడు పీకాలో తీగని అడగరు.

ఇంత దూరం ఎందుకు, షియాకి దగ్గరి చుట్టం మన దగ్గరే ఉంది. ఇప్పచెట్టూ షియా చెట్టూ ఒకే వృక్ష కుటుంబం, సపోటా కూడా ఆ ఇంటిదే. ఇప్పగింజల నూనె చలికి వెన్నలా గడ్డకడుతుంది. ఆదిలాబాద్ అడవుల్లో గోండు స్త్రీలు వేసవి తెల్లవారుజామున ఇప్పపూలు ఏరతారు, ఆ తర్వాత గింజలు. వాళ్లని షావుకార్ల నుంచి కాపాడాలని 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. 1979 రెగ్యులేషన్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే హక్కు ఆ సంస్థకే అప్పగించింది. ఉద్దేశం మంచిదే. కానీ కొనేది ఒక్కరే అయినప్పుడు ధర చెప్పేదీ ఒక్కరే. గింజ ఏరిన మనిషి దాని సొంతదారు అని చట్టం ఒప్పుకోవడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. యాభై ఏళ్లు ఆమె రక్షణ పొందింది, బేరమాడే వీలు పొందలేదు.

బేరమంటే గుర్తొచ్చింది. మోండా మార్కెట్లో కుంకుడుకాయలు అమ్మే ముసలావిడతో మా ఇంట్లో ఇప్పటికీ పది రూపాయలకి పేచీ పెడతారు. నేనూ పెడతాను. అదే చేతితో బొమ్మ ఉన్న సబ్బుకి 350 అడిగినంత ఇస్తాం. ఎదుట కూర్చున్న మనిషి ధర చెబుతుంది కాబట్టి మనకి ఎదురు. బొమ్మ ధర చెప్పదు, నవ్వుతుంది. మన పెద్దవాళ్లు గుప్తదానం గొప్పదన్నారు, పుచ్చుకున్నవాడి మొహం నలుగురికీ తెలియకూడదని. ఇక్కడ మొహమే ముద్ర. పైగా ఇది దానం కూడా కాదు, ఆమె సరుకు ఆమె అమ్ముకుంది. అమ్ముకున్న మనిషిని పుచ్చుకున్న మనిషిగా చూపించడంలోనే నాకు తప్పు కనిపిస్తోంది.

ఇదంతా చెప్పే అర్హత నాకుందా అంటే, ఇంకొకటి కూడా చెప్పాలి. మూడేళ్ల కిందట మా పై పోర్షన్‌కి టులెట్ బోర్డు పెట్టినప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక కుర్రాడు అడగడానికి వచ్చాడు. యూనివర్సిటీలో చదువుతున్నానన్నాడు, రెండు నెలల అడ్వాన్సు ఇప్పుడే ఇస్తానన్నాడు. "ఇచ్చేశామండీ" అని అబద్ధం చెప్పాను. అతను బోర్డు వంక ఒకసారి చూసి, థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు. ఆ బోర్డు ఇంకో నెల అలాగే వేలాడింది. కారణం అడిగితే ఇరుగుపొరుగు అంటాననుకోండి, కానీ ఇరుగుపొరుగుని నేను అడగనేలేదు. 1975 నుంచి 2020లో పేరు మార్చేదాకా ఫెయిర్ అండ్ లవ్లీ అమ్ముడైన ఊరు మనది, నేనూ ఆ ఊరివాణ్నే. ఆ కుర్రాడి తల్లి బొమ్మ ఉన్న సబ్బుతో మాత్రం రోజూ స్నానం చేస్తున్నాను.

ఇవన్నీ మేనకోడలికి చెప్పాను, అద్దె సంగతితో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లెక్కలోకి దిగింది, వ్యాపారం చేసే పిల్ల కదా.

"వంద గ్రాముల సబ్బులో షియా ఎనిమిది గ్రాములు మామయ్యా. దానికి 'అండ' అనడం ఎక్కువే. తీసేస్తే ఏం రాయమంటావ్?"

"కిలో ఎంతకి కొన్నావో, ఎవరి దగ్గర కొన్నావో రాయి."

"అది చూసి ఎవరు కొంటారు?"

నా దగ్గర జవాబు లేదు. రెండు వారాల తర్వాత ఫోన్ చేసింది. ఏ సంఘం దగ్గర కొన్నారో బిల్లుతో చూపించమని ముంబయికి రాసిందట, ఇంకా బదులు రాలేదట. ఈలోగా ఉట్నూరు వైపు ఇప్పనూనె అడిగించింది. వాళ్లు చెప్పిన ధర తను అనుకున్నదానికన్నా ఎక్కువ ఉందని కొంచెం విసుక్కుంది.

"బేరమాడావా?" అన్నాను.

"ఆడాను. తగ్గనన్నారు."