పురుగు జ్వరంలో ఉంది

తెల్లవారుతోంది. సాదలి ఊరి చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్లల్లో ఈపాటికే లేచి ఉంటారు. తట్టల్లో పురుగులు ఆకు మేస్తుంటే సన్నటి వాన చప్పుడు. ఉన్నట్టుండి ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోతుంది. పురుగు తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. మనవాళ్లు దాన్ని జ్వరం అంటారు. అది రోగం కాదు. పాత చర్మం ఇరుకైంది. లోపల కొత్తది తయారవుతోంది.

అప్పుడు రైతు ఆకు వేయడు. పురుగును కదిలించడు. అలాగని వదిలేసీ పోడు. పడక పొడిగా ఉంచుతాడు. గాలి ఆడేలా చూస్తాడు. కాచుకుని ఉంటాడు.

మరి అదే ఇంట్లో పదో తరగతి పిల్లవాడు మాట్లాడటం మానేస్తే? "నోరు లేదా? ఎవరి మీదరా నీ కోపం?" అని తండ్రి కేక. దభాలున తలుపు. మధ్యలో తల్లి నలిగిపోతుంది. ఆ కేక నేనూ వేశాను. ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఎదిగే పిల్లల మౌనమంతా పొగరు కాదు. అదీ జ్వరమే. కదిలించకండి. వదిలేయకండి. తిండీ నిద్రా మానేసి రోజులు గడుస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించండి.

జ్వరం లేచిన పురుగుకు ఆకు కొద్దికొద్దిగా వేస్తారు. మాటా అంతే. ఈ సాయంత్రం మార్కుల ఊసు, ఫోను ఊసు వద్దు. "రా నాయనా, ఆకు కోసుకొద్దాం" అని పిలవండి. తోటలో పక్కపక్క సాళ్లలో నడవండి. ముందు కొమ్మల చప్పుడే వినిపిస్తుంది. కాసేపు అదే విననివ్వండి.