ప్రవాహం కడగని విషం

నది తనను తాను శుద్ధి చేసుకుంటుందన్న నమ్మకానికి ధర్మశాస్త్రాల్లోనే ఆధారం ఉంది. మనుస్మృతి అయిదో అధ్యాయం ఏ వస్తువు దేనితో శుద్ధి అవుతుందో వరసగా చెబుతూ, నదికి మాత్రం దాని వేగమే శుద్ధి అంటుంది. ఈ మాట వెనుక పరిశీలన లేకపోలేదు. పారే నీరు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. ఆ ఆక్సిజన్‌తో సూక్ష్మజీవులు ఆకులు, పేడ, కళేబరాల వంటి వాటిని కుళ్లబెట్టి కరిగిస్తాయి. మలినం హద్దు మీరనంత వరకు నది నిజంగానే తేరుకుంటుంది. పాదరసం, సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాల విషయంలో ఇది చెల్లదు. అవి మూలకాలు. రూపం మార్చుకుంటాయే తప్ప ఏ సూక్ష్మజీవీ వాటిని లేకుండా చేయలేదు. ప్రవాహం కడగలేని మలినం చేరినప్పుడు నది పవిత్రతకు అర్థమేమిటి, ఆ మలినం పాపం ఎవరిది అన్నవి ఇక్కడ పుట్టే ప్రశ్నలు.

నదిలో కలిసిన లోహాల్లో చాలా భాగం మట్టి రేణువులకు, సేంద్రియ పదార్థానికి అంటుకుని అడుగుకు దిగుతుంది. పైన నీరు తేటగా ఉన్నా కింద బురదలో లోహం పేరుకుని ఉండవచ్చు. అడుగున తిరిగే చేపలకు అది తిండితోనూ, మొప్పల గుండానూ ఎక్కుతుంది. కాడ్మియం ముఖ్యంగా మూత్రపిండాల్లో, కాలేయంలో నిలుస్తుంది; సీసం ఎముకల్లో చేరుతుంది. పాదరసం తీరు వేరు. ఆక్సిజన్ లేని బురదలో కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది కండలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది కాబట్టి ఎంత కడిగినా, ఎలా వండినా పోదు.

పెద్ద చేప చిన్న చేపను మింగే స్థితిని అర్థశాస్త్రం మత్స్యన్యాయం అంటుంది. దండించేవాడు లేని సమాజం అలా ఉంటుందని హెచ్చరిస్తుంది. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతికి చిక్కిన చేపపిల్ల కూడా ఈ భయమే చెప్పుకుని రక్షణ కోరుతుంది. మిథైల్ పాదరసం ఈ వరసలోనే పైకి పాకుతుంది. నాచులో కొంత, దాన్ని తినే సూక్ష్మ జంతువుల్లో మరికొంత, చిన్న చేపల్లో ఇంకొంత, వాలుగ, కొరమీను వంటి వేట చేపల్లో అన్నిటికంటే ఎక్కువ. కాడ్మియం, సీసం సాధారణంగా ఇలా అంచెలంచెలుగా పెరగవు. బలవంతుడి వాటాకు ఇక్కడ ఆహారంతో పాటు బలహీనులందరి ఒంట్లో పోగైన విషమూ వస్తుంది. ఆ చేపను తినే మనిషి వరసలో చివరివాడూ కాడు, ఎందుకంటే మిథైల్ పాదరసం మావిని దాటి గర్భస్థ శిశువు మెదడును చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2003లో మిథైల్ పాదరసానికి వారపు పరిమితిని శరీర బరువు కిలోకు 1.6 మైక్రోగ్రాములకు తగ్గించింది. గర్భస్థ శిశువు రక్షణే దానికి ప్రాతిపదిక.

పవిత్రత విషయంలో భక్తులు సాధారణంగా ఇచ్చే సమాధానం ఒకటుంది: గంగ దేవత, మురికి నీటికి అంటుతుంది గానీ దేవతకు అంటదు. తత్త్వపరంగా ఈ వాదనలో లోపం లేదు. పవిత్రత అనుగ్రహానికి సంబంధించింది, శుభ్రత పదార్థానికి సంబంధించింది. ప్రయోగశాల మొదటిదాన్ని కొలవలేదు. చిక్కు ఆ తర్వాతి అడుగులో ఉంది. దేవతకు ఏదీ అంటదు గనుక ఏది వదిలినా దోషం లేదనుకోవడం ఆ వాదన నుంచి రాదు. కాశీలో సంకటమోచన ఆలయ మహంతుగా, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జల ఇంజనీరింగ్ ఆచార్యుడిగా ఉన్న వీరభద్ర మిశ్రా గంగాస్నానాన్నీ మానలేదు, గంగ కలుషితమైందని చెప్పడమూ మానలేదు. నది శుభ్రత కోసం 1982లో ఆయన సంకటమోచన ఫౌండేషన్ స్థాపించారు. ఎగువన కాన్పూరు జాజ్‌మవూ తోళ్ల పరిశ్రమ నుంచి క్రోమియం కలిసే నది అది. నది వేగంతో శుద్ధమవుతుందన్న మనుస్మృతే, నాలుగో అధ్యాయంలో నీటిలో మలమూత్రాలు, ఉమ్మి, రక్తం, విషాలు వదలరాదని నిషేధించింది. నదికి శుద్ధి శక్తి ఉందన్న మాట మనిషికి అనుమతి పత్రం కాదని దీన్నిబట్టి తేలుతుంది.

బాధ్యత ప్రశ్న ఇంతకంటే జటిలం. చేపను గానీ, దాన్ని తిన్నవాళ్లను గానీ చంపాలని ఎవరూ లోహాన్ని వదలరు. బౌద్ధం చేతనను, అంటే సంకల్పాన్ని, కర్మగా భావిస్తుంది. ఆ లెక్కన దోషం తేలిపోతుందనిపిస్తుంది. కానీ నీటిలో జీవులున్నాయని తెలిసీ ఆ నీటిని వాడటం భిక్షువుకు అపరాధమని వినయ నియమాలు చెబుతాయి. ఫలితం తెలిశాక సంకల్పం లేదన్న సాకు నిలవదు. జైనం మరింత కచ్చితం. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం ప్రమాదం వల్ల, అంటే ఏమరుపాటు వల్ల, ప్రాణహాని కలిగించడాన్నే హింసగా నిర్వచించింది. జపాన్‌లోని నీగాటాలో జరిగింది ఈ నిర్వచనానికి సరిపోతుంది. అదే దేశంలోని మినమాటాలో పాదరస వ్యాధి 1956లోనే బయటపడింది. అయినా అగానో నది ఎగువన షోవా డెంకో కర్మాగారం పాదరసం కలిసిన వ్యర్థజలాన్ని వదిలింది. నది చేపలు తిన్నవారికి అదే వ్యాధి వచ్చినట్టు 1965లో తేలింది. 1971లో కోర్టు కంపెనీ నిర్లక్ష్యాన్ని తప్పుపట్టి పరిహారం చెల్లించమంది.

ఇలాంటి చోట్ల ప్రభుత్వాలు తరచూ ఇచ్చే సలహా, ఆ చేపలు తినవద్దని. ఆరోగ్యానికి అది అవసరమే. కానీ లాభం ఎగువన మిగిలి, వదులుకోవలసిన తిండీ బతుకుదెరువూ దిగువన జాలరి ఇంటివి అవుతాయి. చేసినవాడే ఫలం అనుభవిస్తాడన్న కర్మ సూత్రం ఇక్కడ తనంతట తాను పనిచేయదు; చట్టమో, సమాజమో ఆ ఫలాన్ని చేసినవాడికి తిరిగి చేర్చాలి.

ప్రాయశ్చిత్తానికి మనుస్మృతి పదకొండో అధ్యాయం పశ్చాత్తాపంతో పాటు మళ్లీ చేయనన్న నిశ్చయాన్నీ కోరుతుంది. లోహాల విషయంలో అదీ సగమే. వ్యర్థాల గొట్టం మూసిన తర్వాత కూడా బురదలోని పాదరసం దశాబ్దాల పాటు చేపల్లోకి ఎక్కుతూనే ఉంటుంది. అందువల్ల తరువాతి ప్రాయశ్చిత్తం కంటే ముందరి నిగ్రహానికే ఇక్కడ ధర్మంలో పెద్ద స్థానం. విషాన్ని ఆపవలసిన చోటు నది కాదు, అది పుట్టే కర్మాగారం.