వేది మూల, ఇంటి మూల

తెలుగు వైదిక కుటుంబాల్లో అధిక సంఖ్యాకులు అనుసరించే ఆపస్తంబ సంప్రదాయంలో శుల్బసూత్రం ఒక భాగం. యజ్ఞవేదికలను తాడుతో కొలిచి గీసే విధానాన్ని తెలిపే ఆ గ్రంథం, మహావేది మూలలను దాని తూర్పు పడమర మధ్యరేఖకు లంబంగా గుర్తించే ఉపాయాన్ని స్పష్టంగా నిర్దేశించింది. తూర్పు పడమరలుగా 36 ప్రక్రమాల (ప్రక్రమం అంటే ఒక అంగ) దూరంలో రెండు గూటాలు పాతి, 54 ప్రక్రమాల తాడు కొనలను వాటికి కట్టి, పడమటి గూటం నుంచి 15 ప్రక్రమాల దగ్గర పెట్టిన గుర్తును పట్టుకుని తాడు బిగిసేలా దక్షిణానికి లాగితే, 15, 36, 39 భుజాల త్రిభుజం ఏర్పడి పడమటి గూటం వద్ద లంబకోణం కుదురుతుంది. 15 వర్గమైన 225ను 36 వర్గమైన 1296కు కలిపితే వచ్చే 1521, 39 వర్గమే. విశాఖపట్నంలో పునాదికి ముగ్గు పోసే మేస్త్రీ 3, 4, 5 అడుగుల కొలతతో మూలను సరిచూసుకునేదీ ఈ సూత్రంతోనే.

ఆ కోణం లంబంగా ఉందనడానికి ఆధారం శాస్త్రవాక్యమా, కొలతా అన్నది తత్త్వవిచారానికి తగిన ప్రశ్న. వేదార్థాన్ని విచారించే మీమాంసకుల మతంలో వేదవాక్యం ప్రత్యక్షానుమానాలకు అందని ధర్మవిషయంలోనే స్వతంత్ర ప్రమాణం, అంటే జ్ఞానసాధనం; ఇతర మార్గాల్లో తెలిసేదాన్ని వాక్యం చెప్పినా అది అనువాదం, అంటే తెలిసినదాన్నే మళ్లీ చెప్పడం. ఈ విభజన ప్రకారం వేది ఇంత ఉండాలన్నది విధి కాగా, ఈ కొలతలు లంబకోణాన్నిస్తాయన్నది ఏ కులంవారైనా, ఏ మతంవారైనా తాడు పట్టి తేల్చుకోగల విషయం. పవిత్ర గ్రంథంలో ఉన్నందువల్ల అది నిజం కాలేదు. నిజమైనదాన్నే పవిత్ర కార్యానికి వినియోగించాలన్న సూత్రకారుల శ్రద్ధ మాత్రం నిస్సందేహంగా నమస్కరించదగినది.

ఈశాన్యం పెరగాలన్న వాస్తు నమ్మకంతో సరిగా కుదిరిన మూలను చెరిపించడం ఆ శ్రద్ధకు దూరమైన పని. అలా పెంచితే సంపద కలుగుతుందన్న మాట ప్రత్యక్షానికీ అనుమానానికీ అందదు, శుల్బసూత్రాల్లో అటువంటి విధీ లేదు. దిక్కుల గురించిన భయమూ అనవసరమే, ఎందుకంటే ఉత్తరాంధ్ర భక్తులు శతాబ్దాలుగా కొలిచే సింహాచల ఆలయం పడమటి ముఖంగానే ఉంది. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారానికీ సంప్రదాయం ఆరంభాన్ని ఇచ్చింది గాని, దాని స్తంభాలనూ క్రేన్ల పట్టాలనూ నిలిపింది సర్వేయర్ల కొలతలే.

ఇల్లు కట్టుకునేవారు ముహూర్తం చూసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే పునాది తవ్వక ముందే ఎదురెదురు భుజాలూ, రెండు కర్ణాలూ సమానంగా వచ్చాయో లేదో దగ్గరుండి కొలిపించుకోవాలి.