చెప్పాల్సిన బాకీ ఎవరిది?

గాయం తిన్నోడే పాఠం కూడా చెప్పాలా? కొట్టినోళ్ల పిల్లలకీ, చూస్తూ నిలబడ్డోళ్ల పిల్లలకీ మనమే పోయి "మాకిలా జరిగింది" అని చెప్పుకోవడం న్యాయమేనా? హైస్కూల్లో సోషల్ చెప్పుకుని బతికే నాకు ఏళ్ల తరబడి తెగని ప్రశ్న ఇది.

అమెరికాలో చికాగో పక్కన స్కోకీ అనే ఊరుంది. హిట్లర్ క్యాంపుల్నించి బతికి బయటపడ్డ యూదులు వేలమంది అక్కడ స్థిరపడ్డారు. చాలామంది ఆ సంగతి బయట నోరెత్తలేదు. 1977లో ఒక నాజీ గుంపు స్వస్తిక గుర్తుతో వాళ్ల వీధుల్లోనే ఊరేగుతామంది. అది భావప్రకటనా స్వేచ్ఛేనని కోర్టులు తేల్చాయి. చివరికి ఊరేగింపు స్కోకీలో జరగలేదు గానీ వాళ్ల మౌనం మాత్రం పగిలింది. 1981లో సంఘం పెట్టుకున్నారు. 1984లో చిన్న షాపు గదిలో మ్యూజియం తెరిచారు. బడులకు పోయి పిల్లలకు చెప్పారు. 1938లో జర్మనీ బడుల్నించి యూదు పిల్లల్ని గెంటేశారు. అలాంటి తరం ముసలితనంలో పంతుళ్లై బడి గడప తొక్కింది.

తాము బతికున్నన్నాళ్లే సాగే పాఠం చాలదని చట్టం కోసం పట్టుబట్టారు. 1990లో ఇల్లినాయ్ రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో ఆ పాఠాన్ని తప్పనిసరి చేసింది. అమెరికాలో అదే మొదటిది. 2005లో ఇతర జాతిహత్యల్నీ అందులో చేర్చారు. జాలి మీద ఆధారపడ్డ పాఠం హక్కుగా మారింది.

ఇక మా సంగతి. 1985 జూలై 17న కారంచేడులో 6 మంది మాదిగల్ని చంపారు. మంచినీళ్ల చెరువు మురికి చెయ్యొద్దని అడగడమే నేరమైంది. పోయినవాళ్లలో ఒకాయన పేరు మోషే. బైబిలుతో పాటు మా పల్లెల్లోకొచ్చిన యూదుల పేరు అది. అప్పుడు నాకు 11 ఏళ్లు. "పై ఊళ్లో పల్లె పేరు చెప్పమాకురా" అనేది మా అమ్మ. స్కోకీ ముసలోళ్ల మౌనం ఎలాంటిదో నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

హిట్లర్ పాఠం చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు. కారంచేడు, చుండూరు పేర్లెత్తిన రోజు ఒక హెడ్మాస్టరు పిలిచి, "పాత పుండ్లు రేపుతావేంటయ్యా?" అన్నాడు. పుండు మాదైతే సలుపు ఆయనకెందుకు?

దూరపు నేరం వినడం తేలిక. అమెరికాలోనూ సొంత బానిసత్వం పాఠం దగ్గరికొచ్చేసరికి గొడవలే. నా క్లాసులో కూర్చున్న పిల్లోడి తాత ఇక్కడి ఊళ్లోవాడే. తాత చేసిన నేరం నేను మనవడి నెత్తిన పెట్టను. తెలుసుకునే బాధ్యత మాత్రం పెడతాను. ఆ బాధ్యత నించి తప్పించడమే పిల్లోడికి చేసే అన్యాయం.

మనం చెప్పాలి. చెప్పకపోతే వాళ్ల మాటే చరిత్రవుతుంది. కానీ చెప్పడం మన హక్కు, నేర్పడం సర్కారు బాకీ. మనం చెబుతున్నాం కదా అని ఆ బాకీ చెల్లిపోదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని నరికి చంపితే, 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. బడి కూడా వదిలేస్తే ఇక ఆ చావులకు సాక్షి ఎవరు?