నమ్మకమైన స్వరము



మైకుసెట్టు కొనవలెనను మాట మీ సంఘములో ఎప్పుడైనను వచ్చినదా? రాకపోయిన యెడల త్వరలో వచ్చును. కళింగపట్నపు సముద్రతీరము మొదలుకొని పాలకొండ వైపు కొండల అంచువరకు, ఆ మాట వినబడని గ్రామ సంఘము నేడు అరుదు. మాట వచ్చిన తరువాత ఇద్దరు ముగ్గురు పెద్దలు శ్రీకాకుళమునకో విశాఖపట్నమునకో బస్సెక్కుదురు. ధ్వని యంత్రములు అమ్మువారు ఒక్కొక్క సాయంకాలము కొనువారిని, కొననివారిని కూడ దుకాణమునకు పిలిచి, యంత్రములను వాయించి చూపుట కలదు. కుర్చీలు వేయుదురు, టీ ఇత్తురు, దీపములు తగ్గించుదురు. మనిషి యెత్తు స్పీకరు పెట్టెలు గోడ ప్రక్కన నిలిచియుండును. మీట నొక్కగానే తబలా మీద వ్రేలు పడిన చప్పుడు, గాయకుడు ఊపిరి తీసిన చప్పుడు కూడ ఎదుట జరిగినట్లే వినబడును. పిమ్మట అమ్మువాడు ఒక పెట్టెనుండి మరియొక పెట్టెకు మార్చి, "ఏది బాగున్నదో పెద్దలు మీరే సెలవియ్యండి" అనును. పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొని రెండవదానిని చూపుదురు. అటుపిమ్మట ధర అడుగుదురు. అప్పుడు గుండె ఝల్లుమనును.

అట్టి సాయంకాలము మీరు వెళ్లవలసి వచ్చిన యెడల ఏ మనస్సుతో వెళ్లవలెను? అది బజారు సంగతి గాని ఆత్మ సంగతి కాదని కొందరందురు. నేనట్లు తలంచను. ఆ గదిలో పరీక్షింపబడునది యంత్రము మాత్రమే కాదు. మన చెవియు, మన కోరికయు పరీక్షింపబడును.

ఆ యంత్రముల మీద హై-ఫై అను మాట వ్రాసియుండును. అది హై ఫిడెలిటీ అను ఇంగ్లీషు మాటకు పొట్టిరూపము. ఫిడెలిటీ అనగా నమ్మకత్వము. భార్యాభర్తల నడుమ ఉండవలసిన గుణమది. ఒకని సొమ్ము మరియొకడు కాపాడునప్పుడు వానియందు వెదకబడు గుణమది. ప్రాణము లేని పెట్టెకు ఇంత గొప్ప పేరెందుకు? పాడినవాడు పాడినదానికి ఏమియు కలుపక, దానినుండి ఏమియు తీయక, మన చెవికి చేర్చు యంత్రము నమ్మకమైనది. తియ్యగా పలుకుటయు నమ్మకత్వము కాదు, గట్టిగా పలుకుటయు నమ్మకత్వము కాదు. అప్పగింపబడినదానిని అప్పగింపబడినట్లే అందించుట నమ్మకత్వము. ఈ ఒక్క మాట చేతపట్టుకొని ఆ గదిలోనికి వెళ్లుడి.

మొదట మన చెవి బలహీనతను తెలిసికొందము. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు మనుష్యుల వినికిడిని కొలిచి ప్రకటించిరి. మెల్లగా వాయించినప్పుడు మద్దెల మోతవంటి మంద్రధ్వనులు చెవికి సరిగా అందవు. హెచ్చుగా వాయించినప్పుడు అవి నిండుగా అందును. కాబట్టి ఒకే పాటను ఒకే పెట్టెలో కొంచెము హెచ్చించి వాయించినను, రెండవసారి విన్నదే మేలైనదని తోచును. మన పెద్దలు రెండవ పెట్టెను చూపినప్పుడు నాణ్యమును మెచ్చిరో, హెచ్చును మెచ్చిరో వారికే తెలియదు. ఇది అమ్మువాని మోసమనను, అతడెరుగకయే జరుగవచ్చును. రెండింటిని సమానమైన హెచ్చులో వాయింపుమని అతనిని అడుగుడి. మరియు ఆ పెట్టె సెకనుకు 20 మొదలుకొని 20,000 కంపనముల వరకు పలుకునని వ్రాసియుండును. అంత పైస్థాయి వినగలది పడుచువారి చెవియే. ఏండ్లు పైబడిన కొలది పైధ్వనులే ముందుగా తొలగిపోవును. డెబ్బది ఏండ్ల పెద్ద ఆ సంఖ్యను చూచి వెల ఇచ్చుట, తన కంటికి ఆనని రంగునకు వెల ఇచ్చుట వంటిది.

ఈ బలహీనత దుకాణములోనే ఉన్నదా? గట్టిగా కేకవేసిన ప్రసంగీకుడు ఆత్మతో నిండినవాడనియు, మెల్లగా మాటలాడినవాడు చల్లారినవాడనియు మనము తీర్పు తీర్చుట లేదా? ఏలీయా హోరేబు కొండమీద నిలిచినప్పుడు గాలియు, భూకంపమును, అగ్నియు ఆయన యెదుట గడచిపోయెను. దేవుడు ఆయనతో మాటలాడినది వాటిలో కాదు, వాటి వెనుక వచ్చిన సన్నని స్వరములో. ఆ దినమున హెచ్చునుబట్టి ఎంచుకొనియుండిన యెడల ఏలీయా దేవుని స్వరమును పోగొట్టుకొనియుండును.

రెండవ సంగతి మరింత గొప్పది. అసలును ఎరుగనివాడు పోలికకు తీర్పు తీర్చలేడు. 1954లో లండను పట్టణములోని రాయల్ ఫెస్టివల్ హాలులో గిల్బర్ట్ బ్రిగ్స్ అను స్పీకర్ల తయారీదారు ఒక సభ జరిపెను. వేదికమీద వాద్యము వాయించువారిని ఉంచి, వారి వాద్యమును, రికార్డులోని వాద్యమును ఒకదాని వెంట ఒకటి జనులకు వినిపించెను. అసలును ప్రక్కన నిలిపి పోల్చి చూడుడనుట న్యాయమైన పరీక్ష. మన దుకాణములో ఆ అసలు ఉండదు. మనమెన్నడును చూడని గాయకుడు, మనమెన్నడును కూర్చుండని గదిలో పాడినదానిని విని, ఇది నిజముగా ఉన్నదని ఎట్లు చెప్పగలము? కావున మీలో ఒకరు మొదట మైకు లేకుండ వాక్యము చదువుడి. పిమ్మట మైకు ముందర చదువుడి. తక్కినవారు కన్నులు మూసికొని వినుడి. ఆ స్వరము మీరెరిగినది. దానిలో ఏమి కలిసినదో, ఏమి తరిగినదో మీ చెవికి వెంటనే తెలియును. పెట్టె తళతళను చూచి చెవిని కాదనకుడి. కన్నులు మందగించిన ఇస్సాకునకు ఆయన చెవి నిజమే చెప్పెను. అయినను చెవి సాక్ష్యమును విడిచి, చేతికి తగిలిన రోమమును, వస్త్రముల వాసనను నమ్మి ఆయన మోసపోయెను.

గ్రామఫోను రికార్డుల మీది కుక్క బొమ్మను మన పెద్దలెరుగుదురు. నిప్పర్ అను ఆ కుక్కను ఫ్రాన్సిస్ బారౌడ్ అను చిత్రకారుడు గీసెను. 1899లో గ్రామఫోను కంపెనీవారు ఆ చిత్రమును కొని తమ గుర్తుగా చేసికొనిరి. కుక్క తల వంచి, బాకాలోనుండి వచ్చు యజమానుని స్వరమును వినుచున్నట్లు ఆ బొమ్మ. కుక్కకు యంత్రపు నాణ్యము తెలియదు, యజమానుడు తెలియును. గొఱ్ఱెలు తన స్వరమునెరుగునని మన ప్రభువు చెప్పినప్పుడు, అవి గానశాస్త్రములో ప్రవీణులని ఆయన భావము కాదు. దినదినము ఆయన వెంట నడచుటవలన ఎరుగునని భావము. నేడు సెల్‌ఫోను తెరచిన యెడల వేయి ఉపదేశములు వినబడును. ఏది కాపరి స్వరమో, ఏది జీతగాని స్వరమో తెలియవలెననిన, సువార్తలలోని అసలు స్వరముతో మనకు ప్రతిదిన సహవాసముండవలెను. మరి యే దారియు లేదు.

అసలును పోలికకు లోబరచుట ఎంత అపాయమో చూపు చరిత్ర ఒకటి కలదు. 1915 మొదలుకొని సుమారు పది సంవత్సరములు థామస్ ఎడిసన్ కంపెనీవారు అమెరికా పట్టణములలో సభలు జరిపి తమ యంత్రమును చూపిరి. గాయకురాలు యంత్రము ప్రక్కన నిలిచి పాడును. నడుమ ఆమె నోరు మూయగా యంత్రము పాడును. కొన్ని సభలలో దీపములార్పుదురు. మరల వెలిగించినప్పుడు వేదికమీద యంత్రము తప్ప ఎవరును లేకుండుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. యంత్రము మనిషితో సమానమాయెనని అనుకొనిరి. అయితే అట్టి సభలలో పాడిన ఆనా కేస్ అను ఆమె చాలకాలమునకు పిమ్మట గుట్టు విప్పెను. యంత్రపు స్వరమెట్లుండెనో ఆమె తన స్వరమును అట్లే దిద్దుకొని పాడెనట! యంత్రము మనిషి యెత్తునకు ఎక్కలేదు. మనిషియే యంత్రపు మట్టమునకు దిగెను.

చదువరీ, ఇచ్చట కొంచెము ఆగి మిమ్మును మీరు ప్రశ్నించుకొనుడి. మన పిల్లలు ఫోనులో విన్న గాయకునివలె పాడబోయి దేవుడు తమకిచ్చిన గొంతును దాచుకొనుచున్నారు. ప్రార్థన చేయువాడు ప్రసిద్ధ ప్రసంగీకుని గొంతును, కేకను అరువు తెచ్చుకొనుచున్నాడు. ఇంటిలో పలుకు శ్రీకాకుళపు మాటతో తండ్రికి మొరపెట్టుటకు సిగ్గుపడుచున్నాడు. దేవుడు వినగోరునది మీ స్వరమును. ఆయన యెదుట మీరు అసలు, నకలు కానక్కరలేదు.

అయితే నమ్మకత్వము వెల పెట్టి కొనబడునదా? జాయ్ రిడ్డర్‌హాఫ్ అను స్త్రీ హోండురాస్ దేశమున మిషనరీగా పనిచేసి, జబ్బుపడి అమెరికాకు తిరిగివచ్చి, 1939లో లాస్ ఏంజిలిస్ పట్టణమున సువార్త రికార్డులు చేయ మొదలుపెట్టెను. ఆ పని పెరిగి అనేక భాషలకు వ్యాపించెను. విద్యుత్తు లేని పల్లెలకొరకు చేతితో త్రిప్పు యంత్రములు తయారాయెను. చేతితో త్రిప్పినప్పుడు పాట సాగుచు, కుంగుచు, గరగరలాడుచు వచ్చును. ఏ దుకాణదారుడును దానిని హై-ఫై అని పిలువడు. అయినను చదువురానివాడు తన తల్లి పలికిన భాషలో క్రీస్తునుగూర్చి వినెను. ధ్వని తరిగెను గాని నమ్మకత్వము తరుగలేదు.

ఇంతకంటె దగ్గరి సాక్ష్యము మన వంశధార ఒడ్డుననే ఉన్నది. కళింగపట్నము వద్ద సముద్రములో కలియు ఈ నది పైభాగమున శ్రీముఖలింగము దాపున పర్వతాలపేటలో 1863లో గిడుగు వెంకట రామమూర్తిగారు పుట్టిరి. ఆయన క్రైస్తవుడు కాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, ఎవరును లెక్కచేయని సవరల భాషను వారి నోటనే విని నేర్చుకొనెను. వారికొరకు బడులు పెట్టించెను. కొండలలో తిరుగుటవలన మలేరియా వచ్చెను. దానికి పుచ్చుకొనిన క్వినైను వలన చెవుడు వచ్చి జీవితమంతయు నిలిచెను. 1931లో వారి భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించెను. పొరుగువాని మాటను ఏమియు తీయక, ఏమియు కలుపక వ్రాసిపెట్టుటకు పాటుపడి ఒకడు తన వినికిడిని పోగొట్టుకొనెను. మనకో, చెవులున్నవి, ప్రక్క ఇంటివాని మాట వినుటకు ఎంత ఓపిక ఉన్నది?

ఇక మైకుసెట్టు కొనుట పాపమా? కాదు. వెనుక చాపమీద కూర్చున్న వృద్ధురాలికి వాక్యము అందకపోవుటయే అన్యాయము. ఆమెకొరకు కొనుట ప్రేమ. అయితే ప్రక్క పేట గుడికంటె, ఎదుటి వీధి సంఘముకంటె హెచ్చుగా వినబడవలెనని కొనుట పందెము. ఈ పందెమునకు అంతము లేదు. యంత్రపు శక్తిని పదింతలు చేసినను మన చెవికి సుమారు రెండింతలుగా మాత్రమే తోచును. అనగా గర్వమునకు ధర పదింతలు, ఫలము రెండింతలు. ఆ ధర ఎవరిది? స్త్రీలు పూటపూటకు కుండలోనుండి తీసి ఉంచిన పిడికెడు బియ్యపు కానుక అది. సంఘకాపరి జీతము బాకీ పెట్టి, వడ్డీకి తెచ్చి, స్తుతిధ్వనిని హెచ్చించుట దేవునికి ఇంపుగా ఉండునా?

గోడకు ఆవలివానిని కూడ తలంచుడి. మన తీరమున తెల్లవారుజామున పడవ సముద్రములోనికి దించువాడు రాత్రి పెందలకడ నిద్రించవలెను. మన కూటమి హోరు వాని నిద్రను పాడుచేసిన యెడల, వాడు వినునది సువార్తయా, విసుగా? మద్రాసులోని ఒక క్రైస్తవ సంఘపు వ్యాజ్యములో 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఇతరుల శాంతిని చెరిపి ప్రార్థన చేయుమని ఏ మతమును బోధించదని తెలిపెను. అదే సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు రాత్రి 10 గంటలు మొదలుకొని ఉదయము 6 గంటల వరకు బయట లౌడుస్పీకర్లను వాడరాదని విధించెను. పొరుగువానిని ప్రేమింపుమని నేర్చుకొనిన మనకు ఈ మాట న్యాయస్థానము చెప్పవలసి వచ్చుట సిగ్గుగాదా?

కాబట్టి దుకాణములో యంత్రమును ఎంచునప్పుడు రెండు కొలతలు పెట్టుకొనుడి. వెనుక చాపమీది వృద్ధురాలు ప్రతి మాటను తెలియ వినవలెను. గోడ అవతలి బిడ్డ మేలుకొనకూడదు. ఈ రెండింటికి చాలినది చాలును. అప్పు లేకుండ కొనగలిగిన యెడల కొనుడి. లేనియెడల వృద్ధురాలిని ముందు వరుసలో కూర్చుండబెట్టుడి, అది వెల లేని పని. ఏ పెట్టె కొనినను కొనకున్నను, ఊరివారు మొదట వినునది మన బ్రదుకును. ప్రభువు మనకప్పగించిన మాటకు మన కోపమును, మన గొప్పను కలుపక, దానిలోని కష్టమైన భాగమును తీసివేయక, విన్నది విన్నట్లు పొరుగువానికి అందించుదము. ఆయన మన చెవులను, మన పెదవులను నమ్మకమైనవిగా చేయును గాక. ఆమేన్.