దీర్ఘశాంతము - బలవంతము

జంషెడ్‌పూరులోని గోల్‌మురి టిన్‌ప్లేటు కర్మాగారమునకు పేరుపొందినది. అక్కడ 1922లో ఉత్పత్తి ఆరంభమైనది. ఆ కాలపు పద్ధతిలో, రోలర్ల క్రింద నలిగి బిరుసెక్కిన ఉక్కు రేకులను మూతపెట్టెలలో నుంచి కొలిమిలో కాచి, పిమ్మట నిదానముగా చల్లారనిచ్చెడివారు. రేకు శుభ్రపడనిదే, కరిగిన తగరములో ఎన్నిమార్లు ముంచినను పూత పట్టదు.

పొట్ట చేతపట్టుకొని ఆ ఉక్కుపట్టణమునకు చేరిన తెలుగువారిలో క్రైస్తవులును గలరు. బాప్టిస్టు గ్రామమునుండి ఒకరు, లూథరను గ్రామమునుండి మరియొకరు వచ్చి, ఒకే పాటకు గొంతు కలుపుదురు. పాటవరకు చిక్కు లేదు. బిడ్డ పుట్టినప్పుడు వచ్చును. శిశువునకు బాప్తిస్మమీయవలెనా, ఎదిగి తానే ఒప్పుకొనువరకు ఆగవలెనా? పెద్దలు చేతులెత్తించి, లెక్కపెట్టి తేల్చివేయవచ్చును. ఓడినవారు మరుసటి ఆదివారము రాకపోయినచో, గెలిచినదేమి?

ఇట్టి చిక్కునే దక్షిణ భారతదేశ సంఘములు పెద్దయెత్తున ఎదుర్కొన్నవి. 1919లో తరంగంబాడిలో ఐక్యతను గూర్చిన సంభాషణ మొదలైనది. దోర్నకల్ బిషప్ వి. యస్. అజరయ్యగారు అందు ముఖ్యులు. బిషప్పు హస్తనిక్షేపణము పొందని పాదిరుల సేవ చెల్లునా అన్నది గడ్డు సమస్య. ఇరువది యెనిమిది సంవత్సరములు పట్టినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఐక్యసంఘమేర్పడునాటికి అజరయ్యగారు లేరు; 1945 జనవరి 1న కన్నుమూసిరి. ఆ సంఘ నిబంధనలలో ఒక వాగ్దానము గలదు: మనస్సాక్షి కొప్పని ఆరాధనక్రమమునుగాని పాదిరినిగాని ఏ స్థానిక సంఘముపైనను రుద్దరాదు. అప్పటికే యున్న పాదిరులకు తిరిగి అభిషేకమక్కరలేదనిరి. సేవలు కలిసిపోవుటకు 30 సంవత్సరములు గడువిచ్చిరి. నంద్యాల ఆంగ్లికనులలో అనేకులు అప్పుడు చేరలేదు. వారిని ఎవరును ఈడ్చుకొని రాలేదు. నంద్యాల 1975లో వచ్చి చేరినది.

అయితే ఓర్పు పేరిట అన్యాయమును సాగనిచ్చుట వేరు. దేవాలయములో కులమునుబట్టి వెనుకకు నెట్టబడినవానికి సహనము బోధించుట దీర్ఘశాంతము కాదు, పెత్తనము. ఓర్చుకొనవలసినవాడెవడని ముందుగా అడుగవలెను. పరిశుద్ధ గ్రంథము ఈ మాటను దేవునికే తరచుగా వాడుట గమనింపదగినది; ఆయనకు శక్తి లేక ఆగుటలేదు గదా! లెక్కలో నెగ్గగలిగియు చేతులెత్తించని పెద్దకే ఆ మాట తగును.

అట్టి పెద్దలున్నచోట శిశువును ఎత్తుకొని ప్రార్థింతురు. బాప్తిస్మకాలమును తలిదండ్రులకే విడుతురు. ఇది కొందరికి రుచింపదు. ఆ బిడ్డ నడక నేర్చునాటికి ఇరుపక్షములవారును ఇంకను ఒకే చాపపై కూర్చుండియుండవచ్చును.